పరుల సొమ్ము

150 ఏళ్లకు పైగా నిలిచిన పేరు ఆరు నెలల్లో మట్టి కరిచింది. 1870లో లండన్‌లో మొదలైన ఇన్స్ అనే లాయర్ల సంస్థ 2023 ఏప్రిల్‌లో కొత్త యజమానుల చేతికి వెళ్లింది. ‘యాక్సియమ్ ఇన్స్’ అని పేరు మార్చుకుంది. ఆ ఏడాది అక్టోబరు 3న ఇంగ్లండ్‌లో సొలిసిటర్లపై అజమాయిషీ చేసే ఎస్‌ఆర్‌ఏ దాన్ని మూసేయించింది. ఖాతాదారుల సొమ్ములో సుమారు 6 కోట్ల 40 లక్షల పౌండ్లు కనిపించలేదు.

కంపెనీలు పుడతాయి, పోతాయి. పోయిన కంపెనీ కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు తక్కువ. కానీ ఈ పతనం కింద నలిగినవారిలో ఇల్లు కొనుక్కుంటున్న మామూలు మనుషులున్నారు. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో ఉంటూ, పండగ ఖర్చు తగ్గించుకుని, పిల్లల సరదాలు వాయిదా వేసుకుని కూడబెట్టిన డబ్బును వాళ్లు ఒక లాయరు ఖాతాలో వేశారు. అలా వేయకుండా ఆ దేశంలో ఇల్లు కొనడం దాదాపు అసాధ్యం. అందుకే ఈ కథ చెప్పుకోవాలి. రెడింగ్‌లోనో, స్లౌలోనో, మిల్టన్ కీన్స్‌లోనో రేపు ఇల్లు కొనబోయే తెలుగు కుటుంబం కూడా ఇదే దారిలో నడవాలి కనుక, మనం మరీ శ్రద్ధగా వినాలి.

మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు లాయరు పని కాగితాలతో సరి. లింకు డాక్యుమెంట్లు చూస్తాడు, ఈసీ తీయిస్తాడు, లోను ఇచ్చే బ్యాంకుకు లీగల్ ఒపీనియన్ రాసిస్తాడు. డబ్బు మాత్రం అతని చేతుల మీదుగా పోదు. అడ్వాన్సు అమ్మేవారికే ఇస్తాం. మిగతాది రిజిస్ట్రేషన్ రోజున డీడీ రూపంలో వాళ్ల చేతికే అందుతుంది. మోసాలకు మన దగ్గర కొదవ లేదు గానీ, అవి వేరే తోవల్లో వస్తాయి.

ఇంగ్లండ్‌లో పద్ధతి వేరు. ధర కుదరగానే కొనేవారు ఒక సొలిసిటర్‌నో (లాయరు), ఇంటి బదిలీ పనులు చూసే లైసెన్స్‌డ్ కన్వేయన్సర్‌నో పెట్టుకుంటారు. అమ్మేవారికీ ఒకరుంటారు. ఇకపై మాటలన్నీ ఈ ఇద్దరి మధ్యే నడుస్తాయి. ల్యాండ్ రిజిస్ట్రీలో టైటిల్ ఎవరి పేర ఉందో చూడడం, కౌన్సిల్ నుంచి లోకల్ సెర్చ్ తెప్పించడం, నీళ్లు, డ్రైనేజీ, వరద ముప్పు గురించి వాకబు చేయడం, గోడ ఎవరిది, దారి ఎవరిది అని అవతలివారికి ప్రశ్నలు పంపడం వారి పని. అన్నీ తేలాక కాంట్రాక్టులు మార్చుకుంటారు. దాన్ని ఎక్స్ఛేంజ్ అంటారు. ఆ రోజు మామూలుగా ధరలో పదో వంతు డిపాజిట్ కట్టాలి. ఆ గీత దాటాక వెనక్కి తగ్గితే డిపాజిట్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఆ తరువాత వచ్చేది కంప్లీషన్ రోజు. తెల్లవారేసరికి ఇంట్లో అట్టపెట్టెలు గోడవారగా పేర్చి ఉంటాయి. వ్యాను గుమ్మం ముందు ఆగి ఉంటుంది. బ్యాంకు ఇచ్చిన లోను, కొనేవారి వాటా సొమ్ము రెండూ అప్పటికే సొలిసిటర్ ఖాతాలో చేరి ఉంటాయి. అక్కడి నుంచి అవతలి సొలిసిటర్ ఖాతాకు డబ్బు వెళ్లాలి. అందిందని అటునుంచి కబురు రావాలి. ఆ కబురు వచ్చాకే ఎస్టేట్ ఏజెంటు తాళాలు ఇస్తాడు. అమ్మేవారు తాము కొనబోయే ఇంటికి అదే రోజు డబ్బు కట్టాల్సి ఉంటే, ఈ కబురు కోసం మరో కుటుంబం, ఆ వెనక ఇంకో కుటుంబం ఎదురుచూస్తుంటాయి. ఎక్కడో ఒక్కచోట డబ్బు ఆగితే వరసలో ఉన్నవాళ్లందరూ సామాన్లతో వీధిలో నిలబడాలి.

ఇంత సొమ్ము ఆ కొద్ది గంటలో, కొద్ది రోజులో నిలిచి ఉండే చోటు పేరు క్లయింట్ అకౌంట్. సంస్థ జీతాలు, అద్దెలు, అప్పులతో దానికి సంబంధం ఉండకూడదు. సొంత డబ్బుతో ఖాతాదారుల డబ్బు కలపకూడదు. కనీసం అయిదు వారాలకు ఒకసారి బ్యాంకు లెక్కతో తమ పుస్తకాల లెక్క సరిచూసుకోవాలి. ఏటా బయటి అకౌంటెంటు పరిశీలించాలి. ఇవన్నీ కాగితం మీద ఉన్న నియమాలు. వాటి వెనక తరాలుగా నిలిచిన ఒక నీతి ఉంది: ఇది నీది కాదు, ముట్టుకోకు. ఇంగ్లండ్‌లో ఇళ్ల క్రయవిక్రయాలన్నీ ఈ నీతి మీదే నిలబడ్డాయి.

ఇన్స్ ఆ నీతి నీడలో పెరిగిన సంస్థ. దాని పేరు ఇళ్ల కొనుగోళ్లతో వచ్చింది కాదు, సముద్రంతో వచ్చింది. ఓడలు ఢీకొన్నా, మునిగినా, సరుకు నీటిపాలైనా, బీమా తగవులు వచ్చినా ఓడల యజమానులు ముందు గుర్తుచేసుకునే పేర్లలో ఇన్స్ ఒకటి. అర్ధరాత్రి ఏ సముద్రంలో ప్రమాదం జరిగినా ఫోను ఎత్తడానికి అక్కడ మనిషి ఉండేవాడు. హాంకాంగ్, సింగపూర్, గ్రీసు ఓడరేవు పిరయస్‌లలో దానికి ఆఫీసులుండేవి. రెండు ప్రపంచ యుద్ధాలు, సామ్రాజ్యం అస్తమించడం, తెరచాపల నుంచి కంటైనర్ల దాకా ఓడల రూపం మారడం, అన్నీ చూసింది. తరం మారినప్పుడల్లా పెద్దలు కుర్రవాళ్లకు పనితోపాటు పరువు అప్పగించి వెళ్లారు.

పతనం మెల్లగా మొదలైంది. 2018 చివర ఇన్స్ మరో లాయర్ల సంస్థ గోర్డన్ డాడ్స్‌తో కలిసిపోయింది. స్టాక్ మార్కెట్‌లో షేర్లున్న గ్రూపుగా మారింది. పార్ట్‌నర్లు తమ పరువునే పెట్టుబడిగా పెట్టి నడిపే పాత పద్ధతి పోయి, వాటాదారులకు ప్రతి ఏడూ వృద్ధి చూపించాల్సిన పద్ధతి వచ్చింది. 2022లో సైబర్ దాడి దాని కంప్యూటర్లను స్తంభింపజేసింది. అప్పులు పెరిగాయి. లెక్కలు వేళకు తేలలేదు. 2023 ఏప్రిల్‌లో చేతులెత్తేసి అడ్మినిస్ట్రేషన్‌లోకి, అంటే దివాలా నిర్వహణలోకి వెళ్లింది. అప్పుడే ఆదుకుంటామంటూ యాక్సియమ్ డీడబ్ల్యూఎఫ్ఎమ్ అనే సంస్థ ముందుకొచ్చింది.

మునిగేవాడికి చేయి అందించినట్టే అందరికీ కనిపించింది. ఉద్యోగాలు నిలిచాయి. పాత పేరు నిలిచింది. జులైలో అదే సంస్థ, కష్టాల్లో ఉన్న ప్లెక్సస్ అనే మరో పెద్ద లాయర్ల సంస్థనూ కొనేసింది. మొన్నటిదాకా పెద్దగా ఎవరికీ తెలియని సంస్థ కొద్ది నెలల్లో సుమారు 1,400 మంది పనిచేసే సంస్థగా ఎదిగింది. తనకంటే ఎన్నో రెట్లు పెద్దవాటిని కొనడానికి డబ్బు ఎక్కడిదన్న ప్రశ్న గట్టిగా వేయాల్సింది అప్పుడే. వేయాల్సినవాళ్లు సకాలంలో వేయలేదు.

ఆగస్టులో జవాబు బయటపడింది. క్లయింట్ అకౌంట్లో ఉండాల్సిన సొమ్ము లేదని ఎస్‌ఆర్‌ఏ గుర్తించింది. మేనేజింగ్ పార్ట్‌నర్‌తో సహా ముగ్గురు డైరెక్టర్లను విధుల నుంచి తప్పించింది. హైకోర్టు ఆస్తులను స్తంభింపజేస్తూ ఉత్తర్వులిచ్చింది. సంస్థలు కొనడానికీ, ఆస్తులు కొనడానికీ ఆ సొమ్ము వెళ్లిందన్న వాదన కోర్టు ముందుకొచ్చింది. నవంబరులో పెద్ద మోసాలను దర్యాప్తు చేసే సీరియస్ ఫ్రాడ్ ఆఫీసు సోదాలు చేసి ఏడుగురిని అరెస్టు చేసింది. తరువాత 2025లో అభియోగాలు మోపింది. ఎవరు ఎంతవరకు దోషులన్నది తేల్చాల్సింది న్యాయస్థానమే. అయితే సొమ్ము లేదన్నది మాత్రం ఏ తీర్పూ అక్కర్లేని నిజం.

ఆగస్టుకూ అక్టోబరుకూ మధ్య గడిచిన రోజులు ఆ సంస్థలో పనిచేసినవారికి ఎంత బరువుగా గడిచి ఉంటాయో ఊహించవచ్చు. కొత్తగా పగ్గాలు పట్టినవారు దాన్ని నిలబెట్టే దారి కోసం వెతికారు. కొన్ని బృందాలు ఫైళ్లతో సహా వేరే సంస్థలకు తరలిపోయాయి. మిగిలినవారు ఫోన్లకు జవాబు చెబుతూ ఉండిపోయారు. ఖాతాలో ఒక్క పౌండు తేడా రానివ్వకుండా ఏళ్ల తరబడి పనిచేసిన గుమాస్తాలు, టైటిల్‌లో చిన్న మెలిక కనిపించినా నిద్రపోని లాయర్లు, ఓడల కేసుల్లో తలపండిన పెద్దలు ఒకే నెలలో రోడ్డున పడ్డారు. నేరమేమిటో తెలియకుండానే వారి బయోడేటాల్లో ఆ పేరు మచ్చలా మిగిలింది. ఈ కథలో వారి దుఃఖాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

అక్టోబరు 3న ఎస్‌ఆర్‌ఏ తలుపు మూసినప్పుడు ఇల్లు కొంటున్నవారికి ఏమవుతుందో దగ్గరగా చూద్దాం. అలా జోక్యం చేసుకున్న క్షణం నుంచి సంస్థ ఒక్క చెక్కు రాయడానికి లేదు, ఒక్క బదిలీ చేయడానికి లేదు. ఖాతాలు ఎస్‌ఆర్‌ఏ అధీనంలోకి పోతాయి. ఫైళ్లన్నీ అది నియమించిన ఏజెంటు చేతికి వెళ్తాయి. కొనేవారు కొత్త సొలిసిటర్‌ను వెతుక్కుని, ఆ ఫైలు ఎక్కడుందో ఆచూకీ తీసి, రప్పించుకోవాలి. ఎక్స్ఛేంజ్ దాటి కంప్లీషన్ తేదీ దగ్గరపడినవారిది అన్నిటికన్నా దారుణమైన స్థితి. తేదీకి డబ్బు కట్టలేకపోతే అమ్మేవారు పది పనిదినాల గడువుతో నోటీసు ఇవ్వొచ్చు. ఆ గడువూ దాటితే కాంట్రాక్టు రద్దు చేసి డిపాజిట్ ఉంచేసుకోవచ్చు. తమ తప్పు ఇసుమంతైనా లేకుండా రెండుసార్లు నష్టపోయే ప్రమాదం అది.

ఇంట్లో కాలు పెట్టాం, ఇక గట్టెక్కాం అనుకున్నవారికీ భరోసా లేదు. కంప్లీషన్ అయిన 14 రోజుల్లో స్టాంప్ డ్యూటీ కట్టాలి. ఆ సొమ్ము కూడా ముందే సొలిసిటర్ ఖాతాకు పంపి ఉంటారు. అది కట్టకుండా పోతే ప్రభుత్వం అడిగేది కొన్నవారినే. ల్యాండ్ రిజిస్ట్రీలో పేరు మార్చే దరఖాస్తు గడువులోగా వెళ్లకపోతే, నివసిస్తున్న ఇల్లు కాగితం మీద ఇంకా పాత యజమానిదే. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిటర్లకు పరిహారమిచ్చే పథకం ఆ దేశంలో ఉంది. కానీ ఇక్కడ బ్యాంకు నిక్షేపంగా ఉంది, ఖాతా ఖాళీ అయింది. దానికి ఆ పథకం వర్తించదు.

మిగిలిన ఒకే ఒక్క ఆసరా ఎస్‌ఆర్‌ఏ నడిపే కాంపెన్సేషన్ ఫండ్. సొలిసిటర్ల నుంచి ఏటా వసూలు చేసిన డబ్బుతో నడిచే నిధి అది. ఒక క్లెయిముకు గరిష్ఠంగా 5 లక్షల పౌండ్లు ఇస్తుంది. ఇవ్వాలా వద్దా అన్నది నిధి విచక్షణే. రుజువులు చూపాలి, ఎదురుచూడాలి. ఆ నిధి మీద పడిన భారం ఎంతటిదంటే, 2024–25కు ఒక్కో సొలిసిటర్ వాటా 30 పౌండ్ల నుంచి 90 పౌండ్లకు, ఒక్కో సంస్థ వాటా 660 నుంచి 2,220 పౌండ్లకు పెరిగింది. ఏ పల్లెటూరి వీధిలోనో ఇద్దరు గుమాస్తాలతో నిజాయితీగా ఆఫీసు నడిపే లాయరు కూడా పరులు మింగిన సొమ్ముకు తన జేబులోంచి కట్టాడు. ఒకరి దురాశకు వృత్తి మొత్తం దండుగ చెల్లించుకుంది.

కాపలాదారులు ఏం చేస్తున్నట్టు? ఆ ప్రశ్న అడిగేందుకు ఎస్‌ఆర్‌ఏపై పర్యవేక్షణ ఉన్న లీగల్ సర్వీసెస్ బోర్డు స్వతంత్ర సమీక్ష చేయించింది. 2024 అక్టోబరులో వచ్చిన ఆ నివేదిక ఎస్‌ఆర్‌ఏ తగినంతగా, సమర్థంగా వ్యవహరించలేదని తేల్చింది. చేయగలిగిన, చేయాల్సిన పనులన్నీ చేయలేదని చెప్పింది. ఎస్‌ఆర్‌ఏ ఆ నిర్ధారణలను ఒప్పుకోలేదు. ఆ వాదోపవాదాల సంగతి ఎలా ఉన్నా, అయిదు వారాల లెక్క, ఏటా అకౌంటెంటు నివేదిక, పైన నియంత్రణ సంస్థ, ఇన్ని గడపలు దాటుకుని అంత సొమ్ము బయటికి పోయింది. గడపలున్నాయన్న ధైర్యంతోనే జనం డబ్బు లోపల పెట్టారు.

ఈ కథలో గుండె పిండేసే సంగతి ఇదే. ఇల్లు కొనేవారికి అనుభవజ్ఞులు చెప్పే జాగ్రత్తలన్నీ పాటించినవారు కూడా ఆ సంస్థను ఎంచుకునే అవకాశముంది. ఎస్‌ఆర్‌ఏ జాబితాలో పేరుందో లేదో చూడమంటారు. ఉంది. వెబ్‌సైటులో ఎస్‌ఆర్‌ఏ ముద్ర చూడమంటారు, 2018 డిసెంబరు నుంచి కన్వేయన్సింగ్ (ఇంటి బదిలీ పని) ధరలు ముందే ప్రకటించాలన్న నియమం ఉంది గనుక ఫీజులు పోల్చుకోమంటారు. అవి ఆఫీసు సక్రమమైనదని చెబుతాయి, ఖాతాలో డబ్బుందని చెప్పవు. చరిత్ర ఉన్న పేరును నమ్మమంటారు. 1870 నాటి పేరు ఇంకెక్కడ దొరుకుతుంది? మోసపోయినవారిని చూసి ‘కాస్త చూసుకోవాల్సింది’ అనే నోళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. వాళ్లు చూసుకున్నారు. వాళ్లకు చూపించిన గోడ వెనక ఏముందో చూసే హక్కు వాళ్లకు లేదు.

అలాగని జాగ్రత్తలు దండగని కాదు. అవి చిన్న మోసాలను, నిర్లక్ష్యాన్ని ఆపుతాయి. పెద్ద దెబ్బ తగిలినా నష్టాన్ని తగ్గిస్తాయి. ఎస్టేట్ ఏజెంటు ఫలానావారి దగ్గరికే వెళ్లమని ఒత్తిడి చేస్తే, ఆ సిఫార్సుకు అతనికి కమీషన్ ముడుతోందా అని మొహమాటం లేకుండా అడగాలి. సొలిసిటరైతే ఎస్‌ఆర్‌ఏ జాబితాలో, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అయితే వారి నియంత్రణ సంస్థ సీఎల్‌సీ జాబితాలో స్వయంగా చూడాలి. లోను ఇచ్చే బ్యాంకు ప్యానెల్‌లో వాళ్లున్నారో లేదో తెలుసుకోవాలి. నా ఫైలు చూసేది ఎవరు, ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు, ఒక్కొక్కరి చేతిలో ఎన్ని ఫైళ్లున్నాయి అని మొదటి రోజే అడగాలి. జవాబిచ్చే తీరులోనే సగం సంగతి తెలుస్తుంది.

ఇక డబ్బు దగ్గరికి వస్తే నియమం ఒక్కటే: మన సొమ్ము ఆ ఖాతాలో ఎంత తక్కువ కాలం ఉంటే అంత మంచిది. సొలిసిటర్లకు ముందే పంపించమనడం అలవాటు. డబ్బు ఎక్కడిదో రుజువు చూపే కాగితాలు, ఊళ్లో స్థలం అమ్మిన దస్తావేజులు, నాన్నగారు ఇచ్చిన సొమ్ముకు ఉత్తరం, ఇవన్నీ ముందే ఇవ్వండి. సొమ్ము మాత్రం ఎక్స్ఛేంజ్‌కు, కంప్లీషన్‌కు అవసరమైనప్పుడే, తేదీ ఖాయమయ్యాక పంపండి. ఖాతా నంబరు ఈమెయిలులో మారిందని వస్తే, మొదటి రోజు తీసుకున్న ఫోను నంబరుకు చేసి మనిషి గొంతు విని నిర్ధారించుకోండి. కంప్లీషన్ స్టేట్‌మెంట్‌లో స్టాంప్ డ్యూటీ, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, సెర్చ్ ఖర్చులు విడివిడిగా చూడండి. స్టాంప్ డ్యూటీ కట్టిన రుజువు, రిజిస్ట్రీలో పేరెక్కిన కాపీ చేతికి వచ్చేదాకా ఫైలు మూయనివ్వకండి. మన సంస్థ మరో సంస్థను కొన్నదని, అమ్ముడుపోయిందని వార్త వస్తే ఫోను చేసి సూటిగా అడగండి. అది మర్యాద తప్పడం కాదు.

అయినా ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఇంత పెద్ద బరువు కొనేవారి జాగ్రత్త మీద వేయడం న్యాయం కాదు. లాయరు సలహా ఇవ్వాలి, కాగితం రాయాలి, తప్పు జరిగితే బాధ్యత వహించాలి. ప్రజల లక్షలు కోట్లు అతని పేరున్న ఖాతాలో ఎందుకుండాలి? బయటి సంస్థ అధీనంలో డబ్బు ఉంచే ఏర్పాటుకు ఇంగ్లండ్ నిబంధనల్లో ఇప్పటికే చోటుంది. వాడేవారే తక్కువ. ఇన్స్ కూలాక ఎస్‌ఆర్‌ఏ కూడా సొలిసిటర్లు ఖాతాదారుల డబ్బు పట్టుకోవడం అవసరమా అన్న చర్చను తెరపైకి తెచ్చింది. ఖర్చు పెరుగుతుందని, ఆలస్యమవుతుందని వృత్తిలోని చాలామంది అడ్డుచెప్పారు. వారి కష్టం నిజమే. కానీ 6 కోట్ల 40 లక్షల పౌండ్లు పోగొట్టుకున్నవారి కష్టం ముందు అది తూగదు.

ఓడలు మునిగితే పరుగెత్తుకెళ్లిన సంస్థ తానే మునిగింది. దాన్ని నమ్ముకున్నవారిని ఒడ్డుకు చేర్చడానికి సాధారణ సొలిసిటర్లు చందాలు వేసుకోవాల్సివచ్చింది. తరాల తరబడి ఎవరూ రాయించుకోకుండా పాటించిన నీతి మీద ఒక దేశం ఇళ్ల వ్యాపారమంతా నడిచింది. ఆ నీతిని అంత నిష్ఠగా కాపాడిన మనుషులకు నమస్కారం. కానీ ఇకపై ఇల్లు కొనేవారి సొమ్ము ఒక మనిషి మంచితనం మీద ఆధారపడి ఉండకూడదు. మంచితనం తప్పినా సొమ్ము చెక్కుచెదరని ఏర్పాటు కావాలి. అడగాల్సింది అదే, ఇప్పించుకోవాల్సిందీ అదే. నష్టపోయిన ఆ కుటుంబాలకు పరిహారంతోపాటు ఈ మార్పును కూడా ఇంగ్లండ్ బాకీ పడింది.